మారిషస్ అడవి బాట: మనవాళ్లకు నడవడమే నేరమైన రోజులు

ఈ రోజు మిమ్మల్ని ఒక అడవిలోకి తీసుకెళ్తా. మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. రెండు పక్కలా పచ్చటి చెట్లు, మధ్యలో మట్టి బాట, వెనకాల మెత్తటి మ్యూజిక్, కింద ‘మారిషస్’ అని లొకేషన్ ట్యాగ్. చూడగానే ‘ఒక్కసారన్నా పోవాలి’ అనిపిస్తుంది. హనీమూన్ ప్యాకేజీల వాళ్లు కూడా బీచ్‌తో పాటు ఆ బాటనూ చూపిస్తారు.

ఆ బాట నిజంగానే ప్రశాంతంగా ఉంటుంది, అబద్ధం కాదు. కానీ ఆ దీవిలో మన తెలుగువాళ్లు జేబులో కాగితం లేకుండా నడిస్తే పోలీసులు పట్టుకుని జైల్లో వేసిన కాలం ఒకటుంది. ఈ ఎపిసోడ్ ఆ కాలం గురించి. దానికీ మన పటేల్‌గూడకీ ఏం సంబంధం అంటారా? ఉంది. రెండు సంబంధాలు ఉన్నాయి. ఒకటి మన దిక్కు నేలలో ఉంది, ఇంకోటి మన దిక్కు రోడ్ల మీద ఉంది. మొదట నేల సంగతి చెప్తా.

పటేల్‌గూడ, అమీన్‌పూర్, పటాన్‌చెరు... ఇక్కడంతా మన కాళ్ల కింద ఉన్నది గ్రానైట్. వెంచర్ల కోసం పగలగొట్టే గుండ్లు ఉన్నాయి కదా, వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. కానీ ముంబై హైవే ఎక్కి సంగారెడ్డి దాటి, సదాశివపేట, జహీరాబాద్ దిక్కు పోతుంటే కిటికీలోంచి చూడండి, నేల రంగు మారుతుంది. ఒకచోట నల్లరేగడి, ఇంకోచోట ఎర్రమట్టి. దాని కింద ఉన్న రాయి వేరే. అది నల్లరాయి, బసాల్ట్. లావా చల్లారి గట్టిపడ్డ రాయి.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద భూమి లోపలి నుంచి లావా ఉబికి వచ్చి, మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక, తెలంగాణ భూభాగాల మీద పరుచుకుంది. పొర మీద పొర, పొర మీద పొర. దాన్నే డెక్కన్ ట్రాప్స్ అంటారు. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. మన జిల్లా పడమటి వైపు దాని అంచు.

మరి ఆ మంట ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. అది ఉన్నచోటే ఉంది, మనమే జరిగాం. కింద ఒక దీపం వెలుగుతోంది, దాని మీదుగా మీరు ఒక కాగితాన్ని మెల్లగా జరుపుతున్నారు అనుకోండి. కాగితం మీద వరసగా కాలిన మచ్చలు పడతాయి కదా? అట్లనే భూమి పలకలు జరిగినకొద్దీ మచ్చలు పడ్డాయి. మొదట దక్కను, తర్వాత లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్, ఆ తర్వాత మారిషస్. మారిషస్ సముద్రంలోంచి పైకి లేచి సుమారు 80 లక్షల ఏళ్లు. ఆ మంట ఇప్పుడు దాని పక్కనున్న రీయూనియన్ దీవి కింద ఉంది. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ లావా కక్కుతూనే ఉంది. అందుకే సైంటిస్టులు ఆ మంటకు ‘రీయూనియన్ హాట్‌స్పాట్’ అని పేరు పెట్టారు.

అంటే జహీరాబాద్ నల్లరాయి, మారిషస్ నల్లరాయి ఒకే పొయ్యి మీద ఉడికినవి. ఇది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు బాటలోకి పోదాం. మారిషస్ ఎంత పెద్దదో తెలుసా? ప్రధాన దీవి 1,865 చదరపు కిలోమీటర్లు. మన సంగారెడ్డి జిల్లాలో సగం కూడా కాదు. అంత చిన్న దీవిలో నైరుతి మూలన బ్లాక్ రివర్ గార్జెస్ అని ఒక నేషనల్ పార్క్ ఉంది. 1994లో ప్రకటించారు. 16 వేల ఎకరాలకు పైగా ఉంటుంది. దీవిలోని ఎత్తైన శిఖరం, 828 మీటర్లది, అక్కడే ఉంది. పెట్రిన్ అనేచోట మొదలై మకబే అడవిలోంచి వెళ్లే బాట చాలా ఫేమస్. మొదట వెడల్పుగా, చదునుగా ఉంటుంది, ఎవరైనా నడవొచ్చు. చివర్లో ఒక అంచు దగ్గరకు చేరతారు. కింద లోయ, జలపాతాలు, దూరంగా సముద్రం.

ఆ అడవిలో పులి లేదు, ఎలుగుబంటి లేదు, విషపాము లేదు. ఎప్పుడూ లేవు. సముద్రం మధ్యలో పుట్టిన దీవి కాబట్టి ఎగిరి వచ్చినవీ కొట్టుకు వచ్చినవే చేరాయి. సొంతంగా అక్కడికి చేరుకున్న నేలమీది పాలిచ్చే జంతువు గబ్బిలం ఒక్కటే. జింకల్ని డచ్చివాళ్లు తెచ్చారు. చెట్లలో నల్ల ఎబొనీ ఉంటుంది. మన గోదావరి జిల్లాల మొగలి పొదలకు చుట్టమైన చెట్లూ ఉంటాయి. ఇక దారి పొడవునా చైనా జామ. చిన్న చిన్న ఎర్ర కాయలు. సీజన్లో అక్కడివాళ్లు సంచులు పట్టుకుని వచ్చి కోసుకుంటారు, ఉప్పూ కారం అద్దుకుని తింటారు. ఇక్కడ మనం స్కూలు గేటు ముందు జామకాయ ఎట్ల తిన్నామో అట్లనే.

కానీ ఆ జామ అసలు అక్కడిది కాదు. బయటినుంచి తెచ్చిన మొక్క. అది దట్టంగా అల్లుకుపోయి అసలు చెట్లను మొలవనీయడం లేదు. దీవి మొత్తం మీద చెడిపోకుండా మిగిలిన స్థానిక అడవి రెండు శాతం లోపే. మిగతాది ఏమైంది? మొదట కలప కోసం కొట్టారు, తర్వాత చెరకు కోసం. 1974లో మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ ప్రపంచం మొత్తం మీద నాలుగే నాలుగు కనిపించాయి. మనుషులు గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి, మళ్లీ అడవిలో వదిలి దాన్ని బతికించారు. మీరు రీల్‌లో చూసే ఆ పచ్చదనం, నరికేయగా మిగిలిన చివరి ముక్క.

చెరకు అన్నా కదా, కథంతా అక్కడే ఉంది.

ఆ దీవిలో ఆదివాసులంటూ ఎవరూ లేరు. డచ్చివాళ్లు 1598లో దిగారు, తర్వాత కాలనీ పెట్టారు, 1710లో వదిలేసి పోయారు. మధ్యలో డోడో పక్షి అంతరించిపోయింది. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు. ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి మనుషుల్ని బానిసలుగా తెచ్చారు. 1810లో బ్రిటిష్‌వాళ్లు గెలుచుకున్నారు.

బానిసల్లో కొందరు పారిపోయేవాళ్లు. ఎక్కడికి పోతారు, చుట్టూ సముద్రమే కదా? అందుకే అడవిలోకి, ఈ బ్లాక్ రివర్ లోయల్లోకి, పక్కనున్న ల మోర్న్ అనే కొండ మీదికి పోయేవాళ్లు. ఈ రోజు మనం ‘పీస్‌ఫుల్ ట్రెయిల్’ అంటున్న చోట వాళ్లు ఊపిరి బిగబట్టుకుని దాక్కున్నారు. అక్కడి జనం ఒక కథ చెప్పుకుంటారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది, ఆ మాట చెప్పడానికి పోలీసులు ల మోర్న్ కొండ ఎక్కుతుంటే, తమను పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైన ఉన్నవాళ్లు కిందికి దూకేశారట. ఇది రికార్డుల్లోది కాదు, నోటి మాటగా వచ్చిన కథ. కానీ ఆ కొండను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బానిసత్వం పోతే మరి చెరకు ఎవరు కొట్టాలి? తోటల ఓనర్లు ఇండియా వైపు చూశారు. 1834 నవంబర్ 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయిస్ చేరింది. వాళ్లు ఛోటానాగ్‌పూర్ కొండ ప్రాంతం వాళ్లు. అంటే ఇప్పటి జార్ఖండ్. ఈ ఊరి పేరు కూడా గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ 36 మందితో మొదలై, 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది ఇండియా నుంచి అక్కడికి పోయారు. అందరూ బిహారీలు, తమిళులే అనుకోకండి. విశాఖ, కాకినాడ, కోరంగి వైపు నుంచి వేలమంది తెలుగువాళ్లు పోయారు. గోదావరి సముద్రంలో కలిసేచోట కోరంగి పెద్ద రేవుగా ఉండేది. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుఫాను వచ్చి ఊడ్చిపెట్టేసింది. ఇంగ్లీషులో ‘సైక్లోన్’ అనే మాటను 19వ శతాబ్దంలో తయారుచేసిన హెన్రీ పిడింగ్టన్ తన అధ్యయనాల్లో ఈ కోరంగి తుఫాను గురించి కూడా రాశాడు. ఆ రేవు పేరే మారిషస్‌లో మనవాళ్లకు జాతి పేరైపోయింది. తెలుగువాళ్లను అక్కడ ‘కొరింగీ’ అనేవాళ్లు. రేవు మునిగినా పేరు మాత్రం ఓడెక్కి పోయింది.

ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. వీళ్లు మన సంగారెడ్డి దిక్కువాళ్లు కాదు. ఇది అప్పట్లో నిజాం రాజ్యం. పోయినవాళ్లు ఎక్కువగా మద్రాసు ప్రెసిడెన్సీలోని కోస్తా జిల్లాల వాళ్లు. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. మారిషస్ తెలుగువాళ్లు ఈ రోజుకీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, రామభజన పెడతారు. ఏ కొండ కింద నుంచి పోయారో వాళ్ల దేవుడే చెప్తున్నాడు.

ఓడ దిగినచోటు పేరు ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. 2006లో అది కూడా యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అక్కడ రాతి మెట్లు ఉన్నాయి. అవి ఎక్కి పైకి వస్తే ఒక నంబర్ ఇచ్చేవాళ్లు. పేరు ఎట్ల పలికితే అట్ల రాసుకునేవాళ్లు. అగ్రిమెంట్ మీద వేలిముద్ర. కూలి నెలకు అయిదు రూపాయలు, దాంతోపాటు బియ్యం, పప్పు లాంటి రేషన్. 1860ల నాటికి అగ్రిమెంట్ అంటే అయిదేళ్లు.

ఇక్కడ ఆ నల్లరాయి మళ్లీ వస్తుంది. లావా నేల చెరకుకు మంచిదే, కానీ నిండా బండలు. వాటిని తీస్తే గానీ నాటలేరు. ఆ బండల్ని చేతులతో ఏరి, మోసి, పొలం మధ్యలో కుప్పలు పోశారు. మారిషస్‌లో ఈ రోజుకీ చెరకు తోటల మధ్య గుళ్లంత ఎత్తు నల్లరాతి కుప్పలు కనిపిస్తాయి. టూరిస్టులు దిగి ఫోటోలు తీసుకుంటారు. ఆ కుప్పల్లో ప్రతి రాయీ ఒకరి నడుం మీదనో నెత్తి మీదనో ఎక్కి వచ్చిందే.

కూలి లెక్క ఎట్లుండేదో చూడండి. ‘డబుల్ కట్’ అని ఒక పద్ధతి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కట్. జ్వరం వచ్చి మూడు రోజులు పడుకుంటే ఆరు రోజుల డబ్బు పోయినట్టే. మరి 1860లలో అక్కడ మలేరియా విరుచుకుపడి వేలమంది చనిపోయారు. ఆ జ్వరాల మధ్యలో ఈ లెక్క.

అయిదేళ్లు అయిపోతే? ‘ఇక నాకు అగ్రిమెంట్ వద్దు, కూరగాయలు పండించుకుంటా, బండి తోలుకుంటా’ అని బయటికి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లను ‘పాత వలసదారులు’ అనేవాళ్లు. తోటల ఓనర్లకు ఇది నచ్చలేదు. మనిషి బయట తిరిగితే మళ్లీ అగ్రిమెంట్‌కు రాడు కదా. అందుకని 1867లో ఒక చట్టం తెచ్చారు. పాత వలసదారు ప్రతి ఒక్కరూ తన ఫోటో అంటించిన టికెట్ దగ్గర పెట్టుకోవాలి. దాంతోపాటు తను ఉండే జిల్లాకు పోలీస్ పాస్ ఉండాలి. ఆ జిల్లా దాటి ఇంకో జిల్లాలో పాస్ లేకుండా కనిపిస్తే ‘తిరుగుబోతు’ అని కేసు పెట్టి అరెస్ట్ చేస్తారు. పక్క ఊళ్లో చెల్లెలి ఇంటికి పోతున్నా సరే.

ఒక్కసారి ఆలోచించండి. మన జిల్లాలో సగం కూడా లేని దీవి. అందులో మళ్లీ జిల్లాలు. పటేల్‌గూడ నుంచి సంగారెడ్డి పోవడానికి పాస్ చూపించాలన్నట్టు! కెమెరా అప్పటికి ఇంకా కొత్త వస్తువు. మన దేశంలో జమీందార్లు సోకు కోసం ఫోటో దిగుతున్న రోజుల్లో, మన కూలీలను అక్కడ పోలీసులు గుర్తు పట్టడానికి ఫోటో తీశారు. మోకా అనే ఊళ్లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వలసదారుల రిజిస్టర్లు, ఫోటోలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మారిషస్ వాళ్లు తమ ముత్తాతల ఊరి పేరు వెతుక్కోవడానికి అక్కడికే పోతారు. ముత్తాత మొహం ఎట్లుండేదో చాలామందికి తెలిసింది ఆ పోలీసు ఫోటోల వల్లే.

దీని మీద నోరు విప్పినవాళ్లు లేరా? ఉన్నారు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అని ఒకాయన, యూరపు మనిషి, తనే ఒక తోటను చూసుకునేవాడు. దగ్గరుండి అన్నీ చూశాడు. 1871లో పాత వలసదారుల తరఫున గవర్నర్‌కు ఒక అర్జీ తయారైంది. పాస్‌ల గురించి, అరెస్టుల గురించి, కూలి కోతల గురించి. దాని మీద 9,401 మంది సంతకాలు పెట్టారు. ఇవాళ ఆన్‌లైన్ పిటిషన్‌కు 9,401 క్లిక్‌లు అంటే పెద్ద విషయం కాదు. కానీ అప్పుడు ఊరు దాటితే అరెస్ట్ చేసే చోట, ఇంటింటికీ పోయి అన్ని వేలమందితో పెట్టించారంటే... నడవడానికి వీల్లేని మనుషుల దగ్గరికి ఆ కాగితమే నడిచి పోయింది.

తోటల ఓనర్లు మండిపడ్డారు. ప్లెవిట్జ్‌ను దేశం నుంచి పంపేయాలన్నారు. కానీ లండన్ దాకా మాట పోయింది. 1872లో రాయల్ కమిషన్ వేశారు, 1875లో రిపోర్ట్ వచ్చింది. అర్జీలో చెప్పిన బాధలు చాలావరకు నిజమేనని తేల్చింది. 1878లో కొత్త లేబర్ చట్టం వచ్చింది. కష్టాలన్నీ ఒక్కరోజులో తీరిపోలేదు. కానీ ‘మేం మనుషులం, మమ్మల్ని నడవనియ్యండి’ అని వాళ్లు రాసిన కాగితాన్ని ఒక సామ్రాజ్యం చదవాల్సి వచ్చింది.

కమిషన్ వేసిన ఆ 1872లోనే ఓడ దిగిన ఒక తెలుగు కుటుంబం ముని మనవరాలు ఇవాళ ఫ్రెంచిలో పేరున్న రచయిత్రి. నతాషా అప్పన్నా. పూర్తి పేరులో ‘పత్తారెడ్డి’ కూడా ఉంది. 2023లో ఆమె తన కుటుంబం వలస కథను పుస్తకంగా రాసింది. ఆ పేరుకు తెలుగులో ‘వెలిసిపోయిన జ్ఞాపకం’ అని చెప్పుకోవచ్చు. ఆమె రాసేది ఫ్రెంచిలో, చిన్నప్పుడు మాట్లాడింది క్రియోల్. పేరులో మాత్రం అప్పన్న ఉన్నాడు.

ఇప్పుడు మళ్లీ ఆ అడవి బాట దగ్గరికి రండి. అది మొదలయ్యే పెట్రిన్‌కు దగ్గర్లోనే ఒక చెరువు ఉంది, గ్రాండ్ బాసాన్. పాత అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిండి ఏర్పడింది. 1898లో ట్రియోలే ఊరి నుంచి కొందరు శివరాత్రికి ఆ చెరువు దాకా నడిచి పోయారు. అది ఆచారమైపోయింది. 1972లో గంగ నీళ్లు తెచ్చి అందులో కలిపారు, పేరు గంగా తలావ్ అయింది. ఇప్పుడు ప్రతి శివరాత్రికి దీవి నలుమూలల నుంచి లక్షలమంది కావడి భుజాన వేసుకుని రోజుల తరబడి నడుస్తారు. జిల్లాలన్నీ దాటుకుంటూ. ఎవరూ ఆపరు. ఎవరూ పాస్ అడగరు. దారిలో మంచినీళ్లు ఇస్తారు.

ఆ నడకను చాలామంది భక్తి అంటారు, భక్తే. నాకు మాత్రం ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఏ మనుషుల్ని జిల్లా దాటనివ్వలేదో వాళ్ల మనవలు, మునిమనవలు మొత్తం దీవిని కాళ్లతో కొలుస్తున్నారు. 1968 మార్చి 12న మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది. అక్కడ ఉగాదికి పబ్లిక్ హాలిడే ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ‘కొరింగీ’ అని పిలిపించుకున్నవాళ్ల నేల మీద.

సరే, మొదట్లో రెండు సంబంధాలు అన్నా. ఒకటి నేల. రెండోది రోడ్డు. ఇది 150 ఏళ్ల కిందటి మాట కాదు, మీకూ గుర్తుంటుంది.

2020 లాక్‌డౌన్. మన పటాన్‌చెరు బెల్ట్ ఎట్లుండెనో చూశాం. కంపెనీలు బంద్, సైట్లు బంద్. రేకుల రూముల్లో ఇరుక్కున్న ఒడిశా, బిహార్, జార్ఖండ్ కూలీలు. ముంబై హైవే మీద, నాగ్‌పూర్ హైవే మీద నెత్తిన మూటలు పెట్టుకుని నడుస్తున్న కుటుంబాలు. చెక్‌పోస్టుల దగ్గర ‘పాస్ ఉందా?’ అనే ప్రశ్న. అది రోగం ఆపడానికి పెట్టిన రూలు, 1867 చట్టమూ ఇదీ ఒకటి కాదు, నేను ఆ మాట అనను. కానీ నడిచేవాడికి రెండుచోట్లా ఎదురైన ప్రశ్న ఒక్కటే. ఏప్రిల్ చివర్లో కంది దగ్గర ఒక పెద్ద కన్‌స్ట్రక్షన్ సైట్ కూలీలు ‘మమ్మల్ని ఇంటికి పంపండి’ అని రోడ్డెక్కారు. మే 1న, మేడే రోజు తెల్లవారుజామున, మన పక్కనే ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచి సుమారు 1,200 మందితో ఒక రైలు కదిలింది. దేశంలో వలస కూలీల కోసం వేసిన మొదటి స్పెషల్ ట్రెయిన్ అదే.

అది ఎక్కడికి పోయిందో తెలుసా? హటియాకు. జార్ఖండ్. ఛోటానాగ్‌పూర్. 1834లో మారిషస్ ఓడెక్కిన ఆ 36 మంది వచ్చిన నేలకే.

నేను ఇది చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. అప్పుడు కోరంగి నుంచి పోయిన మనవాళ్లూ, ఛోటానాగ్‌పూర్ నుంచి పోయినవాళ్లూ ఒకే మెట్లు ఎక్కారు, ఒకే చెరకు కొట్టారు, ఒకే కాగితం మీద వేలిముద్ర పెట్టారు. ఇప్పుడు వాళ్ల నేల వాళ్లు మన పక్క సందులో రూము తీసుకుని ఉంటున్నారు. పొద్దున లేబర్ అడ్డా మీద టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడతారు. మనలో కొందరం వాళ్లను ‘బిహారోళ్లు’ అని ఒక్క మాటలో తీసేస్తాం, వాళ్లది ఏ ఊరైనా సరే. అక్కడ మనల్ని ‘కొరింగీ’ అన్నట్టే.

కాబట్టి ఎప్పుడన్నా మారిషస్ పోతే ఆ బాటలో తప్పకుండా నడవండి. జామకాయలు కోసుకోండి, ఉప్పూ కారం పొట్లం మర్చిపోకండి. దారిలో నల్లరాయి కనిపిస్తే ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, అది జహీరాబాద్ రాయికి చుట్టం. మారిషస్ పోలేకపోయినా పర్వాలేదు. రేపు పొద్దున మీ సందు చివర కలిసే ఆ కూలీ అన్నను ‘భయ్యా, ఏ ఊరు?’ అని అడగండి. రాష్ట్రం పేరు కాదు, ఊరి పేరు అడగండి. ఏం చెప్పాడో కామెంట్‌లో రాయండి, నేను చదువుతా.